రెండు వత్తులు... పద్నాలుగు నెలలు!

మన పల్లెల్లో మనిషికి ఒక్క పేరే ఉంటుందనుకుంటే పొరపాటే. పుట్టినప్పుడు నాయనమ్మ పెట్టింది ఒకటి. ఇంట్లో పిలిచేది ఇంకొకటి. బళ్లో సారు రాసింది మూడోది. ఆడపిల్లయితే పెళ్లయ్యాక ఇంటిపేరు మారి నాలుగోది. కరీంనగర్ వైపు లచ్చవ్వ రేషన్ కార్డులోకి వెళ్లేసరికి లక్ష్మి అవుతుంది, ఓటరు జాబితాలో లచ్చమ్మ అవుతుంది. రాజవ్వ రాజేశ్వరి అవుతుంది. మల్లయ్య, మల్లేశం, మల్లేష్... ముగ్గురూ ఒక్క మనిషే. ఈ సంగతి ఊరందరికీ తెలుసు. ఉత్తరాలు పంచే పోస్ట్‌మ్యాన్‌కీ తెలుసు. తెలియనిదల్లా కంప్యూటరుకే!

పింఛను కోసమో, పంట పెట్టుబడి కోసమో, బీమా సొమ్ము కోసమో దరఖాస్తు పెట్టేదాకా ఏ ఇబ్బందీ ఉండదు. పెట్టాకే అసలు కథ మొదలవుతుంది. ‘పేరు సరిపోలడం లేదు’ అన్న మూడు ముక్కలతో కాగితం వెనక్కి వస్తుంది. అర్హత లేదని కాదు, మనిషి లేదనీ కాదు. అక్షరం లేదు, అంతే. ఆ అక్షరాన్ని దిద్దించుకోవడానికి పట్టే కాలం, ఖర్చు, తిరుగుడు ఎంతో మా చిన్నమ్మ వెంట తిరిగాకే నాకు తెలిసొచ్చింది.

చాట ఒళ్లో పెట్టుకుని...

చిన్నమ్మది జగిత్యాల వైపు ఓ పల్లె. ‘నా పేరు పేపర్ల ఎయ్యకు బిడ్డా’ అని గట్టిగా చెప్పింది కాబట్టి ఆమెను మనం లచ్చవ్వ అనే అనుకుందాం. పెళ్లి కాకముందే చాట ఒళ్లో పెట్టుకుని బీడీలకు కూర్చుంది. తునికాకు తడపడం, కత్తిరించడం, తంబాకు పోసి చుట్టడం, కొస మడవడం, దారం కట్టడం... ముప్పై ఏళ్లకు పైగా అదే పని. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. పిల్లల చదువులూ, ఆడపిల్ల పెళ్లీ ఆ చాటలోంచే వచ్చాయి.

కంపెనీలో కాకుండా ఇంటి దగ్గర కూర్చుని చుట్టేవాళ్లకు హక్కులేంటని ఒకప్పుడు అడిగేవారు. వాళ్లూ కార్మికులే, వాళ్లకూ పీఎఫ్ వర్తిస్తుందని 1985లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తర్వాత 1995 నవంబరు 16 నుంచి ఉద్యోగుల పింఛను పథకం వచ్చింది. పదేళ్ల సర్వీసు ఉంటే చాలు, 58 ఏళ్లు నిండాక నెలనెలా పింఛను. 2014 సెప్టెంబరు నుంచి అది కనీసం వెయ్యి రూపాయలైనా ఉండాలన్నారు. వెయ్యేనా అని మనకు అనిపించొచ్చు. కానీ బీపీ మాత్రలకు కొడుకును అడగాల్సిన పని ఉండదంటే ఆ వెయ్యి విలువ వేరు.

చిన్నమ్మకు 58 నిండాయి. పింఛను కోసం టెన్ డీ ఫారం నింపి పంపారు. కొన్నాళ్లకు అది తిరిగొచ్చింది. చూస్తే, కంపెనీ రిజిస్టరులో ఆమె పేరు ‘లచవ’. చ కింద వత్తూ లేదు, వ కింద వత్తూ లేదు. ఇంగ్లీషులో రాసేటప్పుడు మన వత్తులకు ఒక్కొక్కరిది ఒక్కో లెక్క. ఒకరు అక్షరాన్ని రెండుసార్లు వేస్తారు, ఇంకొకరు ఒక్కసారితో సరిపెడతారు. అది చాలదన్నట్టు ఇంటిపేరు పుట్టింటిది. తండ్రి లేదా భర్త అన్న గడిలో మా తాత పేరు. పెళ్లికి ముందు చేరింది కదా మరి! ఆధార్ కార్డులో మాత్రం అత్తింటి ఇంటిపేరు, బాబాయి పేరు, రెండు వత్తులతో లచ్చవ్వ. కాగితాల లెక్కన ఇద్దరు వేరువేరు ఆడవాళ్లు. ఒకావిడ ముప్పై ఏళ్లు బీడీలు చుట్టింది. ఇంకొకావిడ పింఛను అడుగుతోంది.

ఆ పేరు అలా ఎందుకు రాశారని ఇప్పుడు ఎవరిని అడుగుతాం? ఆ రోజుల్లో ఆడవాళ్లు వరసగా నిలబడి పేరు చెబితే, రాసేవాళ్లు వినపడినట్టు రాసుకున్నారు. చదువు రాని మనిషికి తన పేరు ఎలా రాశారో ఎలా తెలుస్తుంది? వేలిముద్ర వెయ్యమన్నచోట వేసింది.

‘తప్పు రాసినాయన ఎవరో ఏమో, ఆయన మంచిగనే ఉన్నడు గావచ్చు. తిరుగుడు నా పాలయింది’ అంది చిన్నమ్మ. మరుక్షణమే చేతులు చాచి, ‘గీ ఏళ్లు సూస్తె తెల్వదా బిడ్డా, బీడీలు జేసింది నేనే అని?’ అంది. ఆకు రాపిడికి ఆ వేళ్ల కొసలు నున్నగా అరిగిపోయాయి. వేలిముద్రల మిషన్ కూడా ఒక్కోసారి వాటిని గుర్తుపట్టదు. పనిచేసినందుకు సాక్ష్యం వేళ్ల మీదే ఉంది. చిత్రమేమిటంటే ఆ సాక్ష్యమే మిషన్ దగ్గర ఆమెను మళ్లీ పరాయిదాన్ని చేస్తోంది!

ఏది దిద్దాలి?

ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ ఒకే సలహా ఇచ్చారు. ‘ఆధార్‌లోనే పేరు మార్చెయ్యండి, అరగంట పని’ అని. వినడానికి బాగానే ఉంది. అదే చేసేవాళ్లమే కూడా. పీఎఫ్ కౌంటర్‌లో ఉన్న ఓ పెద్దాయన ఆపాడు. ‘ఆధార్ మారిస్తే మీ పీఎఫ్ కలుస్తుందమ్మా. మరి బ్యాంకు పుస్తకం? రేషన్ కార్డు? పొలం పాసు పుస్తకం? అవన్నీ విడిపోతాయి కదా!’ అన్నాడు. ఆ ఒక్క మాట మాకు ఎన్ని తిప్పలు తప్పించిందో!

ఆధార్‌లో పేరును జీవితంలో రెండుసార్లు, పుట్టిన తేదీని ఒక్కసారి మాత్రమే మార్చుకోవచ్చన్నది నిబంధన. తొందరపడి వాడేసుకుంటే తర్వాత నిజంగా అవసరమైనప్పుడు చేతిలో ఏమీ ఉండదు. కాబట్టి సూత్రం ఒక్కటే. నాలుగు కాగితాలు ఒకేలా ఉండి ఒక్కటి వేరుగా ఉంటే, దిద్దాల్సింది ఆ ఒక్కదాన్నే. చిన్నమ్మ విషయంలో ఆ ఒక్కటీ పీఎఫ్ రికార్డు.

దానికి ఉమ్మడి ప్రకటన అనే కాగితం ఒకటి ఉంటుంది. పీఎఫ్ రికార్డులో ఉన్న మనిషీ, ఆధార్‌లో ఉన్న మనిషీ ఒక్కరేనని కార్మికురాలూ, కంపెనీ కలిసి సంతకం చేసి ఇవ్వాలి. చిన్నమ్మ సంతకానికి నిమిషం పట్టింది. కంపెనీ సంతకానికి నెలలు పట్టింది. ఊళ్లో ఉన్న బ్రాంచి ఎప్పుడో మూసేశారు. పెద్దాఫీసు ఇంకో పట్నంలో. అక్కడ పాత రిజిస్టర్లు వెతకాలి, సంతకం పెట్టే మనిషి ఉండాలి. వెళ్లిన ప్రతిసారీ బస్సు టిక్కెట్లు, ఆ రోజు చుట్టాల్సిన బీడీల కూలీ పోయినట్టే. ఒకసారి ఆధార్ నకలు చాలన్నారు. ఇంకోసారి పేర్లు రెండైనా మనిషి ఒక్కరేనని నోటరీ కాగితం తెమ్మన్నారు.

మొత్తానికి పద్నాలుగు నెలలకు మొదటి పింఛను పడింది, బకాయితో కలిపి. బకాయి లెక్కలో బస్సు ఛార్జీలు, పోయిన కూలి మాత్రం ఉండవు కదా! ‘మడత తప్పిన బీడీని ఇప్పి మల్ల సుడితె అయిపోతది. పేరు ఇప్పుడు గింత కష్టమా’ అని నవ్వింది చిన్నమ్మ. నాకు నవ్వు రాలేదు. పేపర్లు చదివేవాళ్లు, ఫోన్లు చెయ్యగలిగేవాళ్లు వెంట ఉంటేనే పద్నాలుగు నెలలు పట్టింది. ఎవరూ లేనివాళ్ల సంగతేంటి?

2025 జనవరిలో ఈ పద్ధతిని కొంత సులభం చేశారు. 2017 అక్టోబరు 1 తర్వాత యూఏఎన్ నంబరు వచ్చినవాళ్లు పేరు, పుట్టిన తేదీ లాంటివి కంపెనీ సంతకంతో పనిలేకుండా తామే ఆన్‌లైన్‌లో సరిచేసుకోవచ్చు. మంచిదే. కానీ తప్పులు ఎక్కువగా ఉన్నది అంతకుముందు చేతిరాత రిజిస్టర్లలో ఎక్కిన పేర్లలోనే.

మన దగ్గర పీఎఫ్ రికార్డులో తప్పు పీఎఫ్‌తోనే ఆగదు. 2015 మార్చిలో తెలంగాణ ప్రభుత్వం బీడీ కార్మికులకు నెలకు వెయ్యి రూపాయల జీవన భృతి మొదలుపెట్టింది. 2019లో దాన్ని 2016 రూపాయలు చేసింది. అప్పట్లో పెట్టిన ముఖ్యమైన షరతు 2014 ఫిబ్రవరి 28 నాటికి పీఎఫ్ ఉండాలన్నది. అంటే ఎప్పుడో ఎవరో రాసిన ఆ పాత రిజిస్టరే ఈ కొత్త సాయానికీ తాళంచెవి. అందులో వత్తు పోతే ఇక్కడా తలుపు తెరుచుకోదు.

పాసు పుస్తకంలో పక్కింటాయన

బీడీ కార్మికుల సంగతి అలా ఉంచితే, రైతులకు ఈ అనుభవం ఊరంతా ఒకేసారి ఎదురైంది. రైతుబంధు పథకం మొదలైంది మన ఉమ్మడి కరీంనగర్ జిల్లాలోనే. 2018 మే 10న హుజూరాబాద్ మండలం శాలపల్లి–ఇందిరానగర్‌లో. ఎకరాకు నాలుగు వేల రూపాయల చెక్కు, దాంతోపాటు కొత్త పట్టాదారు పాసు పుస్తకం. అంతకుముందు 2017 సెప్టెంబరు నుంచి మూడు నెలల పాటు ఊరూరా భూ రికార్డులు సరిచేశారు. తరతరాల లెక్కను మూడు నెలల్లో ఎక్కించాలంటే తప్పులు దొర్లకుండా ఉంటాయా? పుస్తకం చేతికొచ్చాక చూసుకుంటే ఒకరికి పేరు తప్పు, ఒకరికి తండ్రి పేరు తప్పు, ఇంకొకరికి గుంటలు తక్కువ. ఫొటో మారిన పుస్తకాలూ ఉన్నాయి.

2020 అక్టోబరు 29న ధరణి వచ్చాక ఆ తప్పులు దిద్దించుకోవడానికి టీఎం 33 అనే దరఖాస్తు ఒకటి వచ్చింది. పల్లెల్లో చదువు రాని రైతులు కూడా ‘టీఎం ముప్పైమూడు పెట్టినం సార్’ అని చెప్పడం నేను చాలాచోట్ల విన్నాను. ఓ ఫారం నంబరు జనానికి కంఠతా వచ్చిందంటే, ఎందరికి ఆ అవసరం పడిందో ఊహించుకోండి. 2025లో ధరణి పోయి భూభారతి వచ్చింది. రైతుబంధు పోయి రైతు భరోసా వచ్చింది. పథకం పేరు మొత్తం మార్చడం సర్కారుకు ఒక్క జీవోతో అయిపోతుంది. మనిషి పేరులో ఒక్క వత్తు మార్చడానికే ఇంత తతంగం!

జనవరి ఒకటిన పుట్టినవాళ్లు

గోదావరి దాటి ఆదిలాబాద్ వైపు వెళ్తే పేరుతోపాటు పుట్టినరోజూ చిక్కే. ఉట్నూరు, ఇంద్రవెల్లి, జైనూరు వైపు గూడేల్లో పెద్దవాళ్ల ఆధార్ కార్డులు తిరగేసి చూడండి. ఎక్కువమంది జనవరి ఒకటినే పుట్టి ఉంటారు. తేదీ తెలియనివాళ్లకు వయసు అంచనా వేసి, ఏడాది రాసి, తేదీ గడిలో జనవరి ఒకటి వేశారు. ఇక్కడి పెద్దవాళ్లు వయసును క్యాలెండరుతో చెప్పరు, సంఘటనలతో చెబుతారు. ‘పోచంపాడు కట్టేటప్పుడు నేను పశువుల కాడికి పోతుంటి’ అంటాడు ఒకాయన. అది 1963 తర్వాతి మాట. ‘ఇంద్రవెల్లి కాల్పులప్పుడు వీడు కడుపుల ఉన్నడు’ అంటుంది ఓ తల్లి. ఆ కాల్పులు జరిగింది 1981 ఏప్రిల్ 20న. ఆమె చెప్పింది అంచనా కాదు, కచ్చితమైన లెక్క. కానీ ఫారంలో ఆ లెక్కకు గడి లేదు.

అంచనా వయసు అటూఇటూ అయితే ఏమవుతుంది? 2018 ఆగస్టులో మొదలైన రైతు బీమానే తీసుకోండి. 18 నుంచి 59 ఏళ్ల లోపు పట్టాదారు రైతు ఏ కారణంతో చనిపోయినా కుటుంబానికి ఐదు లక్షల రూపాయలు. ప్రీమియం సర్కారే కడుతుంది. వయసుకు లెక్క ఆధార్. 54 ఏళ్ల మనిషికి కార్డులో 60 అని పడితే ఆ ఇంటికి బీమా లేనట్టే. అదే మనిషి వృద్ధాప్య పింఛనుకు వెళ్లినప్పుడు ఆ తప్పే లాభంగా కనిపిస్తుంది. అందుకే ఆఫీసుల్లో పుట్టిన తేదీ దిద్దమంటే అనుమానంగా చూస్తారు. వాళ్లనీ పూర్తిగా తప్పుపట్టలేం. కానీ మోసం చేసేవాడు కొత్త కాగితాలు తెస్తాడు. నిజంగా నష్టపోయినవాడు పాత ట్రంకు పెట్టె తెస్తాడు. ఆ తేడా గుర్తుపట్టే ఓపికే కావాలి.

బీమాలో ఇంకో సంగతి నామినీ. భార్య పేరు రాయించి ఉంటారు. ఆమె ముందే పోయి ఉంటుంది. లేదా గూడెంలో పిలిచే పేరే నామినీ గడిలో ఉంటుంది, కార్డులో ఇంకొకటి ఉంటుంది. రైతు బతికుండగా అయితే వ్యవసాయ విస్తరణ అధికారికి చెప్పి మార్పించుకోవచ్చు. మనిషి పోయాక తప్పు దిద్దమని అడగడానికి ఆ మనిషే ఉండడు. కుటుంబ సభ్యుల ధ్రువపత్రమని, పంచనామా అని ఏడుస్తూనే తిరగాలి.

పేర్ల సంగతికొస్తే గోండుల ఇంటిపేర్లను తెలుగులో ఒకలా, మరాఠీ ప్రభావంతో ఇంకోలా, ఇంగ్లీషులో మరోలా రాస్తారు. అంతెందుకు? జల్, జంగల్, జమీన్ కోసం నిజాం మీద పోరాడిన వీరుడి పేరునే కొమరం భీం, కొమురం భీం, కుమ్రం భీం, కుమురం భీం అని రకరకాలుగా రాస్తున్నాం. 2016 అక్టోబరు 11న ఆసిఫాబాద్ కేంద్రంగా ఏర్పడిన జిల్లాకు ఆయన పేరే పెట్టుకున్నాం. బోర్డుకో తీరుగా ఉన్నా ఆ జిల్లాకు వచ్చే నిధులేం ఆగవు. ఆ జిల్లాలో ఉండే ముసలమ్మకు మాత్రం ఒక్క అక్షరం తేడా వస్తే పింఛను ఆగుతుంది.

వరస తెలిస్తే సగం పని అయినట్టే

చిన్నమ్మ వెంట తిరిగిన నెలల్లో నేర్చుకున్నవి కొన్ని ఉన్నాయి. అందరికీ పనికొస్తాయని చెబుతున్నాను.

దరఖాస్తు ఇచ్చిన రోజే రశీదు తీసుకోవాలి. నంబరు లేని దరఖాస్తు గాలిలో పెట్టిన దీపమే. వెనక్కి వచ్చిందంటే కారణం ఏంటో రాతలో అడగాలి. ‘పెండింగ్’ వేరు, ‘రిజెక్ట్’ వేరు. పెండింగ్‌లో ఉన్నదాన్ని దిద్దాలి, రిజెక్టయితేనే మళ్లీ పెట్టుకోవాలి. ఒకటి నడుస్తుండగా కంగారుపడి ఇంకొకటి పెడితే, ఒకే మనిషివి రెండు దరఖాస్తులని రెండూ పక్కన పెట్టే ప్రమాదం ఉంది.

కాగితాలన్నీ ఒకచోట పెట్టుకుని ఏది ఒంటరిగా ఉందో చూసి దాన్నే దిద్దించాలి. డబ్బు మంజూరైందని చెప్పినా ఖాతాలో కనపడకపోతే, ఆధార్ ఏ బ్యాంకు ఖాతాకు చివరగా ముడిపడి ఉందో కనుక్కోవాలి. సాయం సొమ్ము చాలావరకు ఆ ఖాతాలోకే వెళ్తుంది. మనం మరిచిపోయిన పాత ఖాతాలో పడి ఉండొచ్చు.

ఎవరూ జవాబు చెప్పకపోతే కలెక్టరేట్‌లో సోమవారం ప్రజావాణి ఉంది. 2005 సమాచార హక్కు చట్టం ఉంది. నా దరఖాస్తు ఎవరి టేబుల్ మీద, ఏ తేదీ నుంచి ఉందని ఒక్క ప్రశ్న రాసి అడిగితే 30 రోజుల్లో జవాబివ్వాలి. తెల్లకార్డు ఉన్న పేదవాళ్లకు ఫీజు కూడా లేదు. అడిగిన వారానికే ఫైలు కదిలిన సందర్భాలు మా విలేకరులందరికీ అనుభవమే.

పొరపాటుకూ ఓ హక్కు

ఇది మన ఒక్కరి గోడేం కాదు. నెదర్లాండ్స్‌లో పిల్లల సంరక్షణ సాయం తీసుకున్న వేలాది తల్లిదండ్రుల మీద మోసగాళ్లన్న ముద్ర వేశారు. ఫారంలో ఓ సంతకం మరిచిపోయినంత చిన్న పొరపాట్లకు కూడా తీసుకున్న సొమ్మంతా తిరిగి కట్టమన్నారు. కుటుంబాలు అప్పుల పాలయ్యాయి. నిజం బయటపడ్డాక 2021 జనవరిలో ఆ దేశ ప్రభుత్వమే రాజీనామా చేసింది. ఫ్రాన్స్ ఇంకో దారి పట్టింది. 2018 ఆగస్టులో ఓ చట్టం చేసి పౌరుడికి పొరపాటు చేసే హక్కు ఇచ్చింది. మంచి మనసుతో మొదటిసారి తప్పు రాస్తే శిక్ష లేదు, దిద్దుకునే అవకాశం ఇవ్వాల్సిందే. మోసమని అనాలంటే నిరూపించాల్సింది ఆఫీసే.

మన లచ్చవ్వలకు అంత కూడా అక్కర్లేదు. వాళ్లు రాసిన తప్పులు కావవి, వాళ్ల గురించి ఇంకొకరు రాసినవి. దరఖాస్తుకు గడువు పెట్టినట్టే దిద్దుబాటుకూ ఇన్ని రోజుల్లో అని గడువు పెడితే చాలు. రాసిన పేరును వేలిముద్రకు ముందు ఓసారి గట్టిగా చదివి వినిపిస్తే చాలు. అర నిమిషం పని. పద్నాలుగు నెలలు మిగులుతాయి.

ఆఫీసులు ఆ పని ఎప్పుడు మొదలుపెడతాయో గానీ, మన ఇంట్లో మనం ఈ ఆదివారమే చెయ్యొచ్చు. అమ్మమ్మదో, నాయనదో ట్రంకు పెట్టె తెరవండి. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం, పీఎఫ్ చీటీ, పాసు పుస్తకం మంచం మీద వరసగా పరవండి. పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ, నామినీ... ఒక్కొక్కటీ పైకి చదివి వాళ్లకు వినిపించండి. ‘నా పేరు గట్ల రాసిన్రా!’ అని వాళ్లే ఆశ్చర్యపోతారు. తేడా కనిపిస్తే ఇవాళే రాసి పెట్టుకోండి, రేపు సోమవారమే కదలండి. ఇది నా పేరే అని చెప్పడానికి ఆ మనిషి మన మధ్య ఉండగానే ఆ పని అయిపోవాలి.